ఇల్లే కచేరీ అయిన చోట

ఉద్యోగం వేరు, ఉద్యోగి ఇల్లు వేరు అన్న భావన ఈనాటి పాఠకుడికి ఎంత సహజంగా తోచినా, చరిత్రలో అది చాలా ఆలస్యంగా కుదురుకున్న ఏర్పాటు. చిత్తూరు, తిరుపతి ప్రాంతంలోనైతే అది చట్టరూపంలో గట్టిపడి ఇంకా అర్ధశతాబ్దం కూడా కాలేదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్, ఆయన మరణానంతరం 1922లో వెలువడిన గ్రంథంలో, ఆధునిక అధికార యంత్రాంగాన్ని పాతకాలపు పాలన నుంచి వేరుచేసే లక్షణాలను చెబుతూ, కార్యాలయం అధికారి నివాసం నుంచి విడివడి ఉంటుందనీ, కార్యాలయపు సొమ్ము అతని సొంత సొమ్ముతో కలవదనీ, పదవి కొడుకుకు సంక్రమించే ఆస్తి కాదనీ వివరించాడు. పని, ఇల్లు కలిసిపోవడం గురించి ఇప్పుడు సాగే చర్చ చాలావరకు లాప్‌టాప్ చుట్టూనే తిరుగుతుంది కాబట్టి, ఇదేదో 2020 నాటి కరోనా తర్వాత వచ్చిపడిన కొత్త ఇబ్బంది అన్న అభిప్రాయం బలపడింది. నిజానికి రాయలసీమ దక్షిణ కొసన ఉన్న ఈ ప్రాంతంలో రెండింటి మధ్య గీత లేని కాలమే ఎక్కువ. ఆ గీత లేకపోవడం కొన్ని ఇళ్ళకు హోదా అయింది, మరికొన్ని ఇళ్ళలో చేసిన పని పనిగానే లెక్కకు రాకుండా పోయింది.

ఇందుకు మొదటి ఉదాహరణ ఊరి కరణం. 1911లో ఉత్తర ఆర్కాటు, కడప, నెల్లూరు జిల్లాల భాగాలతో చిత్తూరు జిల్లా ఏర్పడేనాటికే, మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా గ్రామ పాలన మునసబు, కరణం, తలారి, వెట్టి అనే వంశపారంపర్య పదవుల మీద నడుస్తూ ఉండేది; 1895 నాటి మద్రాసు చట్టం ఒకటి ఆ వారసత్వానికి శాసన రూపం కూడా ఇచ్చింది. కరణానికి వేరే కచేరీ ఉండేది కాదు. పొలాల లెక్కలు రాసే అడంగళ్ళు, పట్టాల వివరాలు, శిస్తు వసూళ్ళ పద్దులు అన్నీ దస్త్రాల మూటలుగా అతని ఇంటి పెట్టెలోనే ఉండేవి. రైతు తన భూమి సంగతి తెలుసుకోవాలంటే ఆ ఇంటి అరుగు దగ్గరకు వచ్చి, ఇంటాయన భోజనం ముగించుకొని వచ్చేదాకా నిలబడి ఎదురుచూడవలసిందే. ప్రభుత్వ కాగితం ఇంటి పెట్టెలో ఉండటం వల్ల ఆ ఇంటికే ప్రభుత్వ గౌరవం అంటుకుంది. ఆ గౌరవంలో ఇంటి ఆడవాళ్ళకూ పిల్లలకూ వాటా దక్కింది. అదే వ్యవస్థలో అట్టడుగున ఉన్న తలారి, వెట్టివాళ్ళకు మాత్రం గీత చెరగడం తలకిందులుగా పనిచేసింది. దండోరా వేయడం, శిస్తు సొమ్ముకు కాపలాగా తాలూకా కచేరీ దాకా నడవడం వంటి గ్రామ సేవ ఎక్కడ ముగిసి, మునసబు ఇంటి కట్టెలు కొట్టే చాకిరీ ఎక్కడ మొదలవుతుందో చెప్పే నియమమేదీ ఆచరణలో లేదు.

పుట్టుకను బట్టి పదవి ఇవ్వడం రాజ్యాంగంలోని సమానావకాశ సూత్రానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1960 డిసెంబరులోనే, గుంటూరు జిల్లా నుంచి వచ్చిన గాజుల దశరథ రామారావు కేసులో, 1895 చట్టంలోని వారసత్వ నియమాన్ని కొట్టివేసింది. అయినా చదువు, అనుభవం, దస్త్రాలు అన్నీ పాత ఇళ్ళలోనే ఉన్నాయి కాబట్టి పదవులు చాలాచోట్ల ఆ ఇళ్ళను విడిచిపెట్టలేదు. 1984 జనవరిలో నందమూరి తారక రామారావు ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో ఆ పదవులనే రద్దుచేసి, దస్త్రాలను స్వాధీనం చేసుకోమని ఆదేశించడంతో వెబర్ చెప్పిన విభజన ఊరిదాకా దిగింది. పదవి పోయినా ఇంటి పేరు పోలేదు. ఎవరూ కరణీకం చేయని ఇంటిని ఈనాటికీ కరణంగారి ఇల్లనే పిలిచే ఊళ్ళు ఈ సీమలో ఎన్నో ఉన్నాయి.

ఆ ఆర్డినెన్సు తర్వాత మూడేళ్ళకే అదే ప్రభుత్వం అంతకంటే పాతదైన, అంతకంటే సున్నితమైన మరో ముడిని విప్పబోయింది. అది తిరుమల కొండమీది మిరాశీ. మిరాశీ అంటే ఒక కుటుంబానికి తరతరాలుగా సంక్రమించే సేవాధికారం. సేవ చేసే బాధ్యత, ఆ సేవకు ప్రతిఫలంగా ప్రసాదాల్లోనూ కానుకల్లోనూ దక్కే వాటా, రెండూ అందులో కలిసే ఉంటాయి. శ్రీవారి ఆలయంలో పైడిపల్లి, గొల్లపల్లి, పెద్దింటి, తిరుపతమ్మ అనే నాలుగు అర్చక కుటుంబాలు వంతుల వారీగా పూజ జరిపేవి. పోటు అనబడే గుడి వంటశాలలోనూ, తాళ్ళపాక వారి సంకీర్తన సేవలోనూ, ఉదయాన్నే అర్చకుల వెంట నడిచి మొదటి దర్శనం పొందే యాదవ వంశీయుడైన సన్నిధి గొల్ల సేవలోనూ ఇలాంటి వంశపారంపర్య హక్కులే ఉండేవి. ఈస్టిండియా కంపెనీ 1801లో ఆలయ నిర్వహణను చేతిలోకి తీసుకున్నాక, ఎవరికి ఏ హక్కు ఉందో ప్రశ్నలూ జవాబులుగా రాయించిన 1819 నాటి సవాల్ జవాబు పత్రం, ఆ తర్వాత 1821లో రూపొందించిన బ్రూస్ కోడ్ ఈ హక్కులకు లిఖితరూపం ఇచ్చాయి. 1843లో నిర్వహణ హాథీరాంజీ మఠం మహంతుల చేతికి వెళ్ళినా, 1933లో తిరుమల తిరుపతి దేవస్థానం కమిటీకి వచ్చినా, మిరాశీ కుటుంబాల స్థానం మాత్రం కదలలేదు.

ఇక్కడ ఇల్లు, పని కలిసి ఉండటం కేవలం సౌకర్యం కోసం ఏర్పడినది కాదు, దానికి శాస్త్రమే ఆధారం. తిరుమలలో పూజ వైఖానస ఆగమం ప్రకారం జరుగుతుంది. ఆ సంప్రదాయపు గృహ్యసూత్రం గృహస్థుడు నిత్యహోమం తర్వాత తన ఇంట్లోనే విష్ణువును అర్చించాలని విధిస్తుంది; ఇంటి పూజనే ఊరందరి మేలుకోసం గుడిలో జరిపితే అది ఆలయార్చన అవుతుందన్నది వారి అవగాహన. వైఖానసుడు తల్లి గర్భంలోనే వైష్ణవుడవుతాడు కాబట్టి అతనికి వేరుగా ముద్రాధారణ అక్కరలేదని వారు నమ్ముతారు. అంటే ఉద్యోగానికి కావలసిన మొదటి అర్హత పుట్టకముందే సిద్ధిస్తుంది. మరోవైపు ఇంట్లో జరిగేది గుడి పనిని నిర్ణయిస్తుంది. జ్ఞాతుల్లో పురుడు వచ్చినా చావు వచ్చినా ఆశౌచం పట్టి, ఆ రోజులు గడిచేదాకా అర్చకుడు గర్భాలయంలో అడుగుపెట్టలేడు. సెలవు చీటీ, పై అధికారి సంతకం అన్నవి పుట్టకముందు నుంచీ ఉన్న ఈ సెలవు విధానంలో ఇంటి కబురే ఉత్తర్వు.

1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చేదాకా, కాలినడకనో డోలీ మీదనో తప్ప చేరుకోలేని ఆ కొండమీద మాడవీధుల చుట్టూ ఉన్న ఇళ్ళలో ఉండేవారంటే దాదాపు గుడి పని చేసేవారే. ఇంటి గుమ్మానికీ గుడి వాకిలికీ మధ్య దూరం ఎంత తక్కువైతే హోదా అంత ఎక్కువ. వంతు ఎవరిదో ఆ ఇంటికి ఆ రోజుల్లో వచ్చిపోయేవారి సంఖ్యే చెప్పేది. ఈ వంతులను అన్నదమ్ములు పొలాన్నీ బావినీ పంచుకున్నట్టే భాగాలు వేసుకోవడం, వాటి మీద సివిలు దావాలు నడవడం దక్షిణ భారత దేవాలయాల్లో సాధారణమే. పని ఆస్తి అయినప్పుడు అన్నదమ్ముల తగువు పూజా క్రమంలోకి కూడా దారి చేసుకుంటుంది. మిరాశీని పవిత్రమైన గతంగా మాత్రమే స్మరించేవారు ఈ భాగాన్ని సాధారణంగా వదిలేస్తారు.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి చల్లా కొండయ్య కమిషన్ సిఫారసుల మీద ఆధారపడి వచ్చిన 1987 దేవాదాయ చట్టం, 34వ సెక్షన్ ద్వారా మిరాశీదారుల, అర్చకుల వంశపారంపర్య హక్కులనూ, 144వ సెక్షన్ ద్వారా హుండీలోనూ ఇతర రుసుముల్లోనూ వాటాలనూ రద్దుచేసింది. తిరుమల ప్రధానార్చకుల్లో ఒకరైన ఎ.ఎస్. నారాయణ దీక్షితులు దానిని సవాలు చేయగా, 1996 మార్చిలో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. పూజ ఎలా చేయాలన్నది మతవిషయమనీ, పూజ చేసే వ్యక్తిని నియమించడం మాత్రం లౌకికమైన పని కాబట్టి దానిని ప్రభుత్వం నియంత్రించవచ్చుననీ న్యాయస్థానం చేసిన విభజన, తమిళనాడుకు సంబంధించిన 1972 నాటి శేషమ్మాళ్ తీర్పును అనుసరించినది. న్యాయపరంగా ఆ గీత స్పష్టమైనదే. కానీ ఇంటి పూజకు కొనసాగింపే గుడి పూజ అని నమ్మేవారికి, ఎలా చేయాలన్నదానిలోనే ఎవరు చేయాలన్నదీ ఇమిడి ఉంటుంది కాబట్టి, ఆ తీర్పు వారి జీవితాన్ని మధ్యకు కోసినట్టయింది. వాటా పోయి జీతం వచ్చింది. జీతంతో పాటు సర్వీసు నిబంధనలూ వచ్చాయి.

అక్కడితో కథ తెగలేదు. 2007లో శాసనసభ చట్టాన్ని సవరించి, అర్హతలున్న అర్చక కుటుంబాల వారసులకు కొంత వెసులుబాటు ఇచ్చింది. 2018 మే నెలలో దేవస్థానం పాలకమండలి 65 ఏళ్ళు నిండిన అర్చకులు పదవీ విరమణ చేయాలని తీర్మానించినప్పుడు వివాదం మళ్ళీ రాజుకొని, కోర్టు మెట్లెక్కి, 2021లో కొందరిని తిరిగి విధుల్లోకి తీసుకునేదాకా సాగింది. ఆ వివాదంలో రాజకీయాల పాలు ఎంతైనా ఉండనీ, అసలు చిక్కు చాలా సూటిది: ఉద్యోగి రిటైరవుతాడు, కుటుంబ సభ్యుడు రిటైరవడు, అర్చకుడు ఈ ఇద్దరిలో ఎవరు? ఈలోగా ఇల్లు కూడా గుడికి దూరమైంది. 2003లో వేయికాళ్ళ మండపాన్ని తొలగించిన మాస్టర్ ప్లాన్ కాలంలోనే, పెరిగిన యాత్రికుల రద్దీకి చోటు కల్పించడానికి ఆలయం చుట్టూ ఉన్న నివాసాలను క్రమంగా ఖాళీ చేయించి, స్థానికుల్లో అనేకులను కొండమీదే బాలాజీనగర్‌కు, మరికొందరిని కిందికి తరలించారు. చట్టం పదవిని ఇంటి నుంచి విడదీస్తే, ప్రణాళిక ఇంటిని వీధి నుంచి విడదీసింది.

కరణీకం, మిరాశీ రద్దయ్యాయి గానీ, పై అంతస్తులో పని, ఇల్లు కలిసి ఉండే అలవాటు పోలేదు. కలెక్టరు మొదలు ముఖ్యమంత్రి దాకా అధికార నివాసంలో పనిచేసే కార్యాలయాన్ని క్యాంపు ఆఫీసు అంటారు; ఇంట్లోనే ఫైళ్ళు చూడటం, ఇంట్లోనే సమీక్షలు జరపడం ఆ హోదాకు చిహ్నం. అధికారి ఇంటికి ఆఫీసు రావడం గౌరవమైనప్పుడు, అదే ఇంటికి ఆఫీసు నుంచి పంపిన ఆర్డర్లీకి ఏం జరుగుతుందో గమనించవలసి ఉంది. అతను జీతం తీసుకునేది ప్రభుత్వోద్యోగిగా, చేసేది కూరగాయలు తేవడం, పిల్లలను బడి దగ్గర దింపడం; మునసబు ఇంటి కట్టెలు కొట్టిన వెట్టివాడికీ అతనికీ మధ్య ఉన్న తేడా నెలజీతమూ పెన్షనూ మాత్రమే, అవి చిన్న తేడాలేమీ కాకపోయినా.

కింది అంతస్తులో ఈ కలయిక ఎలా ఉంటుందో చూడటానికి శ్రీకాళహస్తి మంచి చోటు. కలంతో బట్టమీద బొమ్మలు రాసే కలంకారీ విద్య క్షీణించిపోతున్న దశలో, కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1957లో అక్కడ శిక్షణ కేంద్రం ఏర్పడింది; ఆ విద్యలో పేరెన్నికగన్న జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. కేంద్రంలో నేర్చినా, పని మాత్రం ఇళ్ళలోనే సాగుతుంది. గాడా బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఆరబెట్టాలి, చింతబరికె బొగ్గుతో బొమ్మ వేయాలి, ఇనుప ముక్కలూ బెల్లమూ పులియబెట్టిన కసింతో నల్లని గీతలు దిద్దాలి, పటిక పూసి రంగు వేళ్ళతో ఉడకబెట్టాలి, పారే నీటిలో జాడించాలి, ఎండలో పరచాలి, మళ్ళీ మొదలుపెట్టాలి. కరక్కాయ పొడి కలిసిన పాలు పొయ్యి పక్కనే ఉంటాయి, రంగులు ఉడికే పాత్ర పెరట్లో ఉంటుంది, బట్ట ఆరే తాడు మీదే ఇంటివాళ్ళ బట్టలూ ఆరతాయి. మొదటి గీతలు దిద్దే చేయికి కళాకారుడన్న పేరు వస్తుంది. రంగు నింపే చేతులు, అవి చాలావరకు ఆడవాళ్ళవి, వేళ మిగిలినప్పుడు ఆసరాగా చేసే చేతులుగానే చెలామణి అవుతాయి. ఆ చేతులు లేకుండా ఒక్క చీరా పూర్తికాదన్నది వ్యాపారికి తెలుసు. అందుకే అతను కూలిని గంటలతో కాక ముక్క లెక్కన ఇస్తాడు.

ప్రభుత్వ గణాంకాలు కూడా ఈ చూపుకు పూర్తిగా అతీతం కాదు. దేశంలో ఎవరు ఏ పని చేస్తున్నారో నమోదు చేసే శ్రామిక సర్వేలో, సొంతంగా వృత్తి నడిపేవారికి 11, ఆ ఇంటి వృత్తిలో జీతం లేకుండా సాయపడేవారికి 21, ఇంటిపని మాత్రమే చేసేవారికి 92, ఇంటిపనితో పాటు ఇంటి అవసరాలకే కుట్టడం, నేయడం వంటివి చేసేవారికి 93 అనే సంకేతాలు ఉన్నాయి. మగ్గం ఉన్న ఇంట్లో నూలు చుట్టే ఇల్లాలు తననేమని చెప్పుకుంటే, లేదా ఇంటి మగవాడు ఆమె గురించి ఏం చెబితే, దాన్నిబట్టి ఆమె 21లోకో 92లోకో చేరుతుంది. మొదటిది శ్రామికుల లెక్కలోకి వస్తుంది, రెండోది రాదు. చిత్తూరు జిల్లాలో వేరుశనగ పదేపదే ఎండిపోయిన మెట్ట పల్లెలను నిలబెట్టిన పాడి విషయంలో ఇది ఇంకా విచిత్రంగా ఉంటుంది. ఆవుకు మేత వేసి పాలు పితకడం జాతీయ ఆదాయ లెక్కల ప్రకారం ఉత్పత్తి. అదే చేత్తో ఆ పాలను కాచి, తోడుపెట్టి, ఇంటిల్లిపాదికీ వడ్డించడం ఉత్పత్తి కాదు. పాలకేంద్రంలో వెన్నశాతం కొలిచే యంత్రం దగ్గర ఆమె పాలుపోసే రైతు, పది అడుగులు వేసి ఇంటికి చేరేసరికి పనిలేని మనిషి. 2019లో జరిగిన జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, చేసే మగవాళ్ళు వెచ్చించినది 97 నిమిషాలు.

ఇంట్లో చేసే పనిని పనికాదనిపించడంలో పేదరికం కంటే హోదాకే ఎక్కువ పాత్ర ఉంటుందని చూపిన ప్రసిద్ధ అధ్యయనం తెలుగునాటిదే. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో వెలువరించిన నర్సాపురం లేసు అల్లికదారుల పుస్తకం, పశ్చిమ గోదావరిలోని కాపు కుటుంబాల స్త్రీలు రోజంతా ఎగుమతి కోసం లేసు అల్లుతూ కూడా తమను గృహిణులుగానే చెప్పుకున్నారని చూపింది. పొలం పనికి వెళితే కుటుంబ గౌరవం తగ్గుతుంది, గడప దాటకుండా అల్లితే తగ్గదు. ఆ గౌరవాన్ని కాపాడుకున్నందుకు ఆమె చెల్లించిన మూల్యం అతి తక్కువ కూలి. ఆమె పని తీరిక వేళల వ్యాపకమని అందరూ ఒప్పుకోవడం వల్లనే వ్యాపారికి అంత చవకగా సరుకు దొరికింది. కరణం ఇంటికి కచేరీ గౌరవం తెచ్చిన గడపే, నర్సాపురంలో గౌరవం పేరుతో కూలిని కోసివేసింది.

2020 తర్వాత బెంగళూరు, హైదరాబాదు, చెన్నై కంపెనీల ఉద్యోగాలు ఈ పల్లెల మిద్దె గదుల్లోకి వచ్చినప్పుడు, అవి ఈ పాత నేలమీదే దిగాయి. ఉద్యోగమంటే పొద్దున బయలుదేరి సాయంత్రం తిరిగిరావడమని ఎరిగిన పెద్దలకు, గది తలుపు వేసుకొని కూర్చునే కొడుకు హోదా కొన్నాళ్ళు అర్థం కాలేదు గానీ, జీతం అర్థమయ్యాక అతని గదిలోకి కాఫీ వెళ్ళడం మొదలైంది. అదే జీతం తెచ్చే కోడలి విషయంలో తలుపు అంత గట్టిగా మూసుకోదు; ఇంట్లోనే ఉంది కాబట్టి పాలు పొంగకుండా చూడటం ఆమె బాధ్యతల్లో ఒకటిగా మిగులుతుంది. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సామాజిక శాస్త్రవేత్త స్కాట్ షీమన్, ఆయన సహచరులు ఉత్తర అమెరికా ఉద్యోగులపై చేసిన పరిశోధనల్లో, అధికారమూ స్వేచ్ఛా ఎక్కువగా ఉన్న ఉన్నతోద్యోగాల్లోనే పని ఇంటిలోకి ఎక్కువగా చొరబడుతుందని గమనించి, దానికి ఉన్నత హోదా తెచ్చే ఒత్తిడి అని పేరు పెట్టారు. ఈ పరిశీలన మేనేజరుకు సరిగ్గా సరిపోతుంది, కలంకారీ ఇంటికి సరిపోదు. మేనేజరు ఇంట్లోకి వచ్చిన పని అతని విలువకు సాక్ష్యం. ఒత్తిడి గురించి అతను ఫిర్యాదు చేస్తే వినేవారుంటారు, వైద్యులుంటారు, ఇలాంటి పరిశోధనలూ ఉంటాయి.

ఇంటి దగ్గరే పనిచేసే కూలీని కూలీగా గుర్తించాలన్న ప్రయత్నం అంతర్జాతీయంగా జరగకపోలేదు. తిరుమల మిరాశీ మీద తుది తీర్పు వచ్చిన 1996లోనే, జూన్‌లో, జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపట్టున పనిచేసేవారి కోసం 177వ ఒడంబడికను ఆమోదించింది. మిగతా కార్మికులతో సమానమైన కూలి, ప్రసూతి రక్షణ, సంఘం పెట్టుకునే హక్కు అందులో ఉన్నాయి. భారతదేశం దానిని ఇంతవరకు ధ్రువీకరించలేదు. 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి మాత్రం, యజమాని స్థలంలో కాక తన ఇంట్లోనో తాను ఎంచుకున్న మరో చోటో వేతనానికి సరుకు తయారుచేసే వ్యక్తిని విడిగా నిర్వచించి, అసంఘటిత కార్మికుల కోవలో చేర్చింది. ఆ నిర్వచనం శ్రీకాళహస్తి వీధిలోకి చేరాలంటే ముందుగా తేలవలసిన లెక్క ఒకటి ఉంది. ముక్కకు కట్టే కూలిలో రంగు ఖరీదు, బట్ట ఖరీదు వ్యాపారి లెక్కలో ఉంటాయి. బట్ట ఆరవేసిన పెరడు, ఉడకబెట్టిన కట్టెలు, తోడిన నీళ్ళు, ఆ ఇంటి అద్దె ఏ లెక్కలోనూ ఉండవు. ఫ్యాక్టరీలో అయితే అవన్నీ యజమాని ఖర్చులు.